పల్నాటి ఎండలో నడకకు నీరెంత?

శ్రీనాథ మహాకవి పల్నాటిసీమలో దప్పికకు తాళలేక, గంగను తనకిమ్మని శివుని వేడుకొన్నట్లు ఒక చాటుపద్యము ప్రచారములో నున్నది. 1967లో నాగార్జునసాగరు కుడికాలువకు నీరు విడిచినపిమ్మట సీమ స్థితి చాలవరకు మారినది. అయినను కాలువకు దూరముగా, వేసవిలో నాపరాతి నేలపై నడచువానికి ఆ మొర నేటికిని అర్థమగును. వాననీరు రాతిపగుళ్ళలోనికి ఇంకిపోవును గనుక పటములో కనిపించు వాగులన్నిటిలో అప్పుడు నీరుండదు. రెంటచింతలలో ఎండ తరచు 45 డిగ్రీలు దాటుచుండును.

మన చర్మపు వేడిమి సుమారు 35 డిగ్రీలు. గాలి అంతకన్న చల్లగా నున్నప్పుడు ఒంటివేడి గాలిలోనికి పోవును. గాలి 42 డిగ్రీలున్నప్పుడో? వేడి గాలినుండియే ఒంటికి వచ్చును. ఇక మిగిలిన మార్గము చెమట ఒక్కటే. మట్టికుండలో నీరు చల్లబడుటయు ఈ సూత్రము వల్లనే. ఒక లీటరు చెమట ఆవిరియైనచో సుమారు 580 కిలోకేలరీల వేడిని తీసికొనిపోవును. మూటతో నడచువాని కండరములు గంటకు 250 నుండి 300 కిలోకేలరీల వేడిని పుట్టించును. ఎండయు, వడగాలియు ఇంచుమించు మరి అంత చేర్చును. అనగా మిట్టమధ్యాహ్నము గంట నడకకు లీటరు నీరు!

బాపట్లలోనైతే చెమట కారి చొక్కా తడియును. మాచర్ల పొడిగాలిలో అది పుట్టినది పుట్టినట్లే ఆవిరియగును. చర్మముపై ఉప్పుచార తప్ప ఏమియు మిగులదు. ఎంత నీరు పోయినదో నడచువానికి తెలియకపోవుటయే ఇందలి ప్రమాదము.

రెండవ ప్రపంచయుద్ధకాలమున అమెరికా శరీరశాస్త్రజ్ఞుడు అడాల్ఫ్ ఎడారిలో సైనికులను పరీక్షించి, ఫలితములను 1947లో గ్రంథముగా ప్రకటించెను. నీరు చేతిలోనున్నను, దప్పికను బట్టి త్రాగువాడు పోయినదానికన్న తక్కువే త్రాగును. పొదుపుగా గుటకలు వేసినంత మాత్రమున చెమట తగ్గదు. సీసాలో దాచిన నీరు ఒంటిని చల్లబరచదు. చొక్కా విప్పుటయు పొరపాటే. ఎండ తిన్నగా ఒంటిని తాకి చెమట హెచ్చును.

మాచర్లనుండి ఎత్తిపోతలకు నలుబదిమంది విద్యార్థులు నడచుచున్నారనుకొందము. దూరము పన్నెండు, పదమూడు కిలోమీటర్లు. నడక మూడుగంటల పైమాటే. పదిగంటలకు బయలుదేరినచో తలకు మూడులీటర్లకు పైగా, అనగా అందరకు 120 కిలోల బరువు కావలెను. తెల్లవారుజామున ఐదింటికి బయలుదేరినచో అందులో సగము చాలును. కాని పగలంతయు నీడలో కూర్చున్నను గంటకు పావులీటరుకు పైగా పోవును. ఈ లెక్కను చాలమంది మరచెదరు. ఉదయము లీటరున్నర, పగలు రెండున్నర, సాయంకాలపు తిరుగునడకకు రెండు, వెరసి తలకు ఆరులీటర్లు. నలుబదిమందికి 240 లీటర్లు. దీనిని ముందురోజే బండిపై పంపవలెను. జలపాతమున్నదిగదా యని ధైర్యపడరాదు. ఆ మడుగులో మొసళ్ళున్నవి!

చెమటతో ఉప్పును పోవును గనుక భోజనముతోపాటు ఉప్పుమజ్జిగ మంచిది. మూత్రము ముదురుపసుపైనచో నీరు చాలలేదన్నమాట. ఎవరైనను తూలుచు, పొంతనలేని మాటలాడినచో వడదెబ్బగా తలచి వెంటనే నీడకు చేర్చి, ఒంటిని తడిపి విసరుచు, ఆలస్యము చేయక ఆసుపత్రికి తరలించవలెను. స్పృహలేనివాని నోట నీరు పోయరాదు.