గరికకూ తెగుళ్లు! ముందు ఆకును చూడండి

వినాయక చవితి పూజకు కోసుకొచ్చే గరిక, చేలో కలుపు తీసేవాళ్లను విసిగించే గరిక మనందరికీ తెలిసినదే. ఆ గరికనే వేడి ప్రాంతాల గోల్ఫ్ మైదానాల్లో పసిబిడ్డలా సాకుతారంటే ఆశ్చర్యం కలగక మానదు. అమెరికాలోని జార్జియా రాష్ట్రం, టిఫ్టన్‌లో గ్లెన్ బర్టన్ అనే శాస్త్రవేత్త 1960లో 'టిఫ్‌వే' అనే సంకర గరికను విడుదల చేశారు. దీనికి విత్తనం రాదు. తీగ ముక్కలు నాటి పెంచాలి. అంటే మైదానమంతా ఒకే మొక్క లాంటిది. ఒకచోట సోకిన తెగులు అంతటా సోకగలదు. పైగా బంతి దొర్లే 'గ్రీన్' మీద సంకర గరికను 3–4 మిల్లీమీటర్ల ఎత్తుకే కత్తిరిస్తారు. ఆకు తగ్గితే ఆహారం తయారీ తగ్గుతుంది, తెగులును తట్టుకునే శక్తీ తగ్గుతుంది.

ముఖ్యమైన రెండు తెగుళ్లు

1. ఆకుమచ్చ తెగులు: కారకం బైపోలారిస్ సైనోడాంటిస్ అనే శిలీంధ్రం. మబ్బు పట్టి, చల్లగా, తేమగా ఉన్న రోజుల్లో ఆకులపై చిన్న ముదురు గోధుమ రంగు మచ్చలు వస్తాయి. ముదిరితే మొదలు కుళ్లి గడ్డి పలచబడుతుంది. 1942లో, కరువుకు ముందు ఏడాది, బెంగాల్ వరిని దెబ్బతీసిన గోధుమ రంగు మచ్చ తెగులు కారకం దీనికి దగ్గరి చుట్టమే.

2. డాలర్ స్పాట్: నాణెమంత గుండ్రని ఎండిన మచ్చలు. తెల్లవారుజామున మంచు ఉండగా చూస్తే సాలెగూడు లాంటి తెల్లని దారాలు కనిపిస్తాయి. నత్రజని చాలని గడ్డికి ఇది త్వరగా సోకుతుంది.

దూరం నుంచి రెండూ 'గడ్డి ఎండిపోయింది' అన్నట్లే ఉంటాయి. కానీ మందు ఒకటి కాదు. అజాక్సీస్ట్రోబిన్ ఆకుమచ్చపై బాగా పనిచేస్తుంది, డాలర్ స్పాట్‌పై పనిచేయదు. దానికి ప్రోపికోనజోల్ లాంటిది కావాలి. అదీ ఎండల్లో పదేపదే కొడితే గరిక ఎదుగుదల మందగిస్తుంది.

మందు కంటే ముందు

శిలీంధ్రం మొలకెత్తాలంటే ఆకు గంటల తరబడి తడిగా ఉండాలి. కాబట్టి:

• సాయంత్రం కాక, తెల్లవారుజామున నీరు పెట్టాలి.
• ఉదయమే తాడు లాగి మంచు రాల్చాలి.
• నత్రజని, పొటాష్ కొద్దికొద్దిగా, సమపాళ్లలో వేయాలి.
• నీడనిచ్చే కొమ్మలు కొట్టి ఎండ, గాలి తగలనివ్వాలి.
• కత్తిరించే బ్లేడ్లకు పదును ఉండాలి. తెగులు వేళ కోత ఎత్తు కొంచెం పెంచాలి.
• మందు తప్పనిసరైతే ఒకే రకం కాక మార్చి మార్చి వాడాలి. లేకుంటే శిలీంధ్రం దాన్ని తట్టుకోవడం నేర్చుకుంటుంది.

ఇదంతా ధనికుల ఆట గొడవ, మనకెందుకు అనిపించవచ్చు. ఆట ఎవరిదైనా వీపున ట్యాంకు కట్టుకుని మందు కొట్టేది మనలాంటి ఇళ్ల మనుషులే. అక్కర్లేని మందు ఒక్కసారి తగ్గినా యజమానికి డబ్బు మిగులుతుంది, కొట్టే మనిషికి ఆరోగ్యం మిగులుతుంది. వరికైనా, మిరపకైనా ఇదే సూత్రం. బైపీసీ చదివే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! సెలవులకు ఇంటికెళ్లినప్పుడు చేలో ఆకు తెంపి, రెండు వైపులా తిప్పి చూడండి. కొట్టుకెళ్లి మందు అడిగేది ఆ తర్వాతే.