నంది లోయ ద్రాక్ష: ఒకే నేల, రెండు బేరాలు

పెన్నా నది పుట్టిన కొండగా నందిదుర్గం పేరు అనంతపురం, కడప, నెల్లూరు జిల్లాల వారికి కొత్తది కాదు. బెంగుళూరుకు ఉత్తరాన సుమారు 60 కిలోమీటర్ల దూరంలో, 1,478 మీటర్ల ఎత్తున ఉన్న ఆ కొండ చుట్టూ చిక్కబళ్ళాపురం, దొడ్డబళ్ళాపురం, దేవనహళ్ళి తాలూకాలలో పరచుకొన్న ద్రాక్ష తోటలను వైన్ వ్యాపారస్తులు నంది లోయ అని వ్యవహరిస్తారు. నాసిక్‌కు వచ్చినంత పేరు దీనికి రాలేదు. అయినా ఇక్కడి తోటల్లో తెలుగు మాట్లాడే రైతులు, కూలీలు చాలామంది ఉన్నారు. ఇక్కడి పండుకు పలికే ధర సరిహద్దుకు ఇవతలి పల్లెల్లోనూ చర్చకు వస్తుంది.

ఈ ప్రాంతంలో రెండు రకాల ద్రాక్ష వ్యాపారం సాగుతున్నది. ఒకటి పాతది, పెద్దది. బెంగుళూర్ బ్లూ అనే నల్ల ద్రాక్ష మీద అది నడుస్తుంది. రెండవది చిన్నది, ఖరీదైనది. ఫ్రాన్సు నుంచి తెచ్చిన రకాల మీద అది ఆధారపడింది. ఒకే నేల, ఒకే ఎండ అయినా ఈ రెండింటి లెక్కలు పూర్తిగా వేరు.

బెంగుళూర్ బ్లూకు తోలు మందం, లోపల గింజలు, పులుపు కలిసిన తీపి, దూరానికే తెలిసే ఘాటైన వాసన. పక్షికన్ను తెగులును బాగా తట్టుకుంటుంది గాని తుప్పు, బూజు తెగుళ్ళకు లొంగుతుంది. ఏడాదికి రెండు సార్లు కత్తిరించి రెండు పంటలు తీసే అలవాటు ఇక్కడ ఉన్నది. 2013లో దీనికి భౌగోళిక గుర్తింపు లభించింది. రసానికి, జామ్‌కు ఇది మేలైన సరుకు. వైన్ విషయానికి వచ్చేసరికి పేచీ చక్కెర దగ్గర వస్తుంది. పండిన బెంగుళూర్ బ్లూలో చక్కెర 16 నుంచి 18 శాతం ఉంటుంది. పులిసే రసంలో లీటరుకు 17 గ్రాముల చక్కెర ఖర్చయితే సుమారు ఒక శాతం ఆల్కహాలు తయారవుతుంది. ఆ లెక్కన ఈ పండు నుంచి సహజంగా వచ్చేది 10 శాతం వరకే. తీపి లేని మేలురకం వైన్‌కు 12, 13 శాతం కావాలి. అందువల్ల ఈ సరుకు ఎక్కువగా చక్కెరో స్పిరిటో కలిపి చేసే తియ్యని పోర్ట్ తరహా వైన్లకు పోతుంది. గోవాలో సందర్శకులు కొనుక్కునే సీసాల్లో చాలా భాగం ఈ రకం పండుతో తయారైనవే.

రెండవ వ్యాపారానికి నాంది 1980లలో పడింది. కన్వల్ గ్రోవర్ ఫ్రాన్సు రకాలను తెప్పించి పరీక్షించి, 1988లో నంది కొండల దిగువన తోట స్థాపించారు. షాంపేన్ ప్రాంతానికి చెందిన జార్జ్ వెసెల్, ఆ తరువాత బోర్డోకు చెందిన మిషెల్ రోలాన్ ఆయనకు సలహాదారులు. కాబెర్నే సావిన్యాన్, షిరాజ్ కలిపి ఓక్ పీపాల్లో నిలవ చేసిన లా రిజర్వ్ ఈ లోయకు మొదటి పేరు తెచ్చింది. వియోనియే అనే తెల్ల రకం కూడా ఇక్కడ కుదురుకున్నది. 2012లో ఈ సంస్థ నాసిక్ ప్రాంతపు వాలే ద వాన్‌తో కలిసిపోయింది.

కత్తెర ఎప్పుడు పెట్టాలి?

ద్రాక్షకు ప్రపంచంలో పేరుపడిన దేశాలు చాలావరకు 30, 50 అక్షాంశాల మధ్య ఉన్నాయి. నంది లోయ ఉన్నది 13వ అక్షాంశం దగ్గర. ఇక్కడ చలికాలం తీగను నిద్ర పుచ్చదు. ఆ పని కత్తెర చేయవలసిందే. ఏప్రిల్‌లో ఒకటి రెండు కన్నులు మాత్రమే ఉంచి కొమ్మను కురచగా కోస్తారు. ఎండాకాలపు వెలుతురులో కొత్త కొమ్మలు ముదిరి, వాటి కన్నుల్లో గుత్తుల మొలక ఏర్పడుతుంది. సెప్టెంబరు, అక్టోబరులలో రెండవ కత్తిరింపు చేస్తే ఫిబ్రవరి, మార్చిలలో పండు కోతకు వస్తుంది. 900 మీటర్ల ఎత్తు వల్ల రాత్రులు చల్లబడతాయి. అందుచేత పులుపు నిలుస్తుంది. ఎర్ర నేలలో నీరు నిలవదు.

అసలు జూదం రెండవ కత్తిరింపు తేదీ. వానలు జూన్‌లో మొదలై అక్టోబరు దాటినా వదలవు. తొందరపడి కోస్తే పూత మీద వాన పడి బూజు తెగులు పట్టుకుంటుంది. ఆలస్యం చేస్తే పండు ఏప్రిల్ ఎండల్లో పడి పులుపు పోగొట్టుకుంటుంది. 2021 నవంబరులో కడప జిల్లాలో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగిన రోజుల్లోనే కోలారు, చిక్కబళ్ళాపురం జిల్లాల తోటలు, పొలాలు కూడా దెబ్బతిన్నాయి. పందిళ్ళకు, మందులకు పెట్టిన పెట్టుబడి ఒక్క వారంలో పోయే పంట ఇది.

నీటి సంగతి మరీ ఇబ్బంది. మూడు నాలుగు నదులు పుట్టిన చోటే ఏడాది పొడుగునా పారే నది లేదు. బోర్లు వేయి అడుగులు దాటి పోయాయి. కరువును, ఉప్పు నీటిని తట్టుకునే డాగ్‌రిడ్జ్ వేరుమొక్క మీద అంటుకట్టడం అందుకే మామూలయింది. బెంగుళూరు మురుగునీటిని శుద్ధి చేసి హెబ్బాళ-నాగవార లోయ పథకం ద్వారా చిక్కబళ్ళాపురం చెరువులకు ఎత్తిపోస్తున్నారు. బోర్లలో నీరు పైకి వచ్చిందన్న సంతోషం ఒకవైపు, ఆ నీటి శుద్ధి చాలదన్న ఫిర్యాదు మరొకవైపు ఉన్నాయి. 2008లో దేవనహళ్ళి వద్ద విమానాశ్రయం తెరిచిన తరువాత భూమి ధర ద్రాక్ష ధరతో సంబంధం లేకుండా పెరిగింది. తోటలు ఇళ్ళ స్థలాలయ్యాయి.

ధర ఎవరి చేతిలో ఉన్నది?

వైన్ రకాలు వేసిన రైతుకు కంపెనీతో ముందస్తు ఒప్పందం ఉంటుంది. రుచి నిలవడం కోసం దిగుబడిని ఎకరాకు నాలుగైదు టన్నులకు పరిమితం చేస్తారు. ఆ పండును తినేందుకు బజారులో అమ్మడం కష్టం. కంపెనీ వెనుకంజ వేస్తే రైతుకు మరో గిరాకీ లేదు. బెంగుళూర్ బ్లూ రైతుకు దిగుబడి అంతకు రెండు మూడు రెట్లు. తినే బజారు, రసం కంపెనీ, వైనరీ అని మూడు తలుపులు ఉన్నాయి గాని ధర మాత్రం ఏ రోజుకారోజే. 2020 మార్చి ఆఖరులో కోత సాగుతుండగానే లాక్‌డౌన్ వచ్చి మూడు తలుపులూ మూసుకున్నాయి. కొనే దిక్కు లేక పండు తీగల మీదే మిగిలింది. శీతల గిడ్డంగులు, రసం తీసే యంత్రాలు తోటలకు దగ్గరలో చాలినన్ని ఉండి ఉంటే నష్టం అంతగా ఉండేది కాదన్నది స్పష్టం.

కర్ణాటక ప్రభుత్వం 2007లో వైన్ విధానం ప్రకటించి, వైన్‌ను ఇతర మద్యం నుంచి వేరు చేసి చూడడం మొదలుపెట్టింది. అయితే రాష్ట్రం దాటితే వేరే పన్ను, వేరే లైసెన్సు, వేరే లేబుల్ రుసుము. పక్కనే ఉన్న తెలుగు రాష్ట్రాలకు సరుకు పంపడం కూడా చిన్న వైనరీకి ఖర్చుతో కూడిన పని. మన ఊళ్ళలో మద్యం దుకాణం బోర్డు మీద "వైన్స్" అని ఉంటుంది, లోపల ద్రాక్ష వైన్ మాత్రం వెతుక్కోవాలి. విదేశీ వైన్ మీద ఉన్న 150 శాతం సుంకం చాలాకాలం ఈ పరిశ్రమకు గోడగా నిలిచింది. 2022 డిసెంబరులో ఆస్ట్రేలియా ఒప్పందం అమలుతో, సీసా 5 డాలర్లు దాటిన వైన్లపై 100, 15 డాలర్లు దాటిన వాటిపై 75 శాతానికి సుంకం దిగింది. పదేళ్ళలో అవి 50, 25 శాతాలకు తగ్గాలి. ఆ దెబ్బ ముందుగా తగిలేది ఖరీదైన సీసాకే. తియ్యని పోర్ట్ కొనేవారు ఆస్ట్రేలియా వైపు చూడరు.

హైదరాబాదులో పెరిగిన అనాబ్-ఎ-షాహీ నుంచి ఎంపిక చేసిన దిల్‌ఖుష్ కూడా నంది పరిసరాల్లో బాగా వేస్తారు. తినే బజారులో అది మంచి ధర పలికిన ఏడు బెంగుళూర్ బ్లూను పీకి దిల్‌ఖుష్ వేసేవారు ఉన్నారు. కాని కొత్త తోట కాపుకు రావడానికి రెండేళ్ళు పడుతుంది. అప్పటి ధర ఇప్పుడు చెప్పగలవారు లేరు.