మాటాడే బొమ్మకు రెండో తల

సిన్సినాటి వైపు వెళ్ళే పని పడితే, ఓహియో నది దాటి కెంటకీలోని ఫోర్ట్ మిచెల్ దాకా ఒకసారి వెళ్ళి రండి. అక్కడి వెంట్ హేవెన్ మ్యూజియంలో వెయ్యికి పైగా వెంట్రిలాక్విస్టు బొమ్మలున్నాయి. వరసగా కూర్చుని మనవైపే చూస్తుంటాయి. పెద్దవాళ్ళకు కాస్త గుబులు, పిల్లలకు పండగ! (అపాయింట్‌మెంట్ ముందే తీసుకోవాలి సుమా.) విలియం షేక్‌స్పియర్ బెర్గర్ అనే టైల్స్ వ్యాపారి 1910లో మొదలుపెట్టిన సేకరణ ఇది. ఆయన పోయాక, 1973లో మ్యూజియంగా తెరిచారు.

నాకు ఈ చెక్కుడు పిచ్చి పట్టింది అక్కడే. ఒక చలికాలమంతా గరాజ్‌లో కూర్చుని మా నాన్నగారి తల చెక్కాను. మా పిల్లలు ఆయన్ని చూడలేదు. ఎదురు ముఖానికి పాస్‌పోర్టు ఫోటో ఉంది. పక్క ముఖానికి దొరికింది ఒక్కటే, మా చెల్లెలి పెళ్ళిలో అల్లుడి కాళ్ళు కడుగుతూ వంగినప్పటిది.

కర్ర బాస్‌వుడ్. మన కొండపల్లి వాళ్ళ తెల్ల పొణికిలా తేలిక, ఉలికి లొంగుతుంది. ముఖం తేలాక తలను ముందూ వెనకా రెండు ముక్కలు చేసి లోపలంతా తొలవాలి. నోటి రెండు మూలల నుంచి గడ్డం కిందకి కోసి, దవడను విడిగా ఒక కడ్డీ మీద ఊగేట్టు బిగించాలి. మెడ కింద కర్రకున్న మీట నొక్కితే తాడు లాగి నోరు తెరుచుకుంటుంది, వదిలితే స్ప్రింగు మూసేస్తుంది. అంతే యంత్రాంగం.

బొమ్మను చూసి చెల్లెలు, "అన్నయ్యా, నాకూ ఒకటి చెయ్యవూ" అంది. మళ్ళీ చేత్తో చెక్కితే వచ్చేది ఇంకెవరో నాన్న! అందుకని ఒక మిత్రుడి దగ్గరున్న నకలు యంత్రాన్ని ఆశ్రయించాను. అసలు తల ఒకవైపు, మొద్దు ఒకవైపు పెడితే రెండూ కలిసి తిరుగుతాయి. మొండి మొన ఒకటి అసలు తలను తడుముతూ పోతుంటే, దానికి జోడించిన కట్టరు మొద్దును అదే లోతున చెక్కుతుంది.

ఈ ఆలోచన కొత్తదేం కాదు. 1819లో థామస్ బ్లాంచర్డ్ తుపాకీ మడమలు చెక్కడానికి ఇలాంటి లేతు కనిపెట్టి, మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధ కర్మాగారంలో నడిపాడు. బొమ్మల్లో పేరుపడ్డ కథ పాల్ వించెల్‌ది. షికాగోలో ఫ్రాంక్ మార్షల్ చేత్తో చెక్కిన జెర్రీ మహోనీ తలకు ఆయన బాస్‌వుడ్‌లో నకళ్ళు తీయించాడు. ఒకటి టీవీలో జెర్రీగా వెలిగింది. మరి రెండింటిని మార్చి నకుల్‌హెడ్ స్మిఫ్ అనే మరో మనిషినే చేశాడు! పిల్లలూ, మీ టిగ్గర్‌కి ఏళ్ళ తరబడి గొంతిచ్చింది కూడా ఈయనే. 1963లో కృత్రిమ గుండెకు పేటెంటు కూడా తీసుకున్నాడు.

యంత్రం చెవి వెనక్కి, కంటి కొసల్లోకి పోలేదు. అక్కడ చేతి ఉలే గతి. థాంక్స్‌గివింగ్‌కి వచ్చిన చెల్లెలు సగం తయారైన తలను తిప్పి తిప్పి చూసి, "నాన్న ఇంత సీరియస్‌గా ఎప్పుడున్నాడు?" అంది. నాతో ఎప్పుడూ అలాగే ఉండేవాడు మరి! ఉలి తన చేతికే ఇచ్చాను. కంటి చివర మూడు గీతలు తనే గీసుకుంది, కనుబొమలు కాస్త దించింది. ఒకే అచ్చు, కానీ మా ఇంట్లో ఆయన ఇప్పుడే మార్కులు అడిగేలా ఉంటాడు. న్యూజెర్సీలో జేబులోంచి డబ్బులు తీసి ఇచ్చేలా ఉంటాడు.

తాతకి ఇంగ్లీషు రాదని పిల్లలే తేల్చేశారు. అందుకని బొమ్మ చేతికొస్తే తెలుగే. చిక్కల్లా పెదవులతోనే. ప, బ, మ పలికితే పెదవులు కలుస్తాయి, గుట్టు బయటపడుతుంది. అందుకని ఈ విద్యలో ప బదులు త, బ బదులు ద, మ బదులు న అని సర్దుకుంటారు. అద్దం ముందు ప్రయత్నించండి. పప్పు "తత్తు" అవుతుంది. బొమ్మ "దొన్న" అవుతుంది. అమ్మ అనబోతే "అన్న", మామ్మ అనబోతే ఏకంగా "నాన్న"! "తాతయ్య"కు మాత్రం పెదవులతో పనే లేదు. మా చిన్నవాడు మొదట నేర్చుకున్నది అదే.