గడప దాకా నేరుగా వచ్చే పిలుపు

జఫర్‌గఢ్‌లో ఒక విద్యార్థిని పరీక్ష ఫలితం కోసం ఫోన్‌లో హాల్‌టికెట్ నంబరు కొట్టిందనుకుందాం. ఆ వెబ్‌సైట్ క్లౌడ్‌లో ఉంటే, జవాబిచ్చేది సాధారణంగా ఒక వర్చువల్ మెషీన్. అలాంటివి ఎన్నో ఒకే కంప్యూటర్‌లో ఉంటూ, దేనికది ఆ కంప్యూటరంతా తనదే అన్నట్టు నడుస్తుంటాయి. ఇలాంటి కేంద్రాలు మనకు దగ్గర్లోనే ఉన్నాయి. 2022 నవంబరులో అమెజాన్ మూడు అవైలబిలిటీ జోన్లతో హైదరాబాద్‌లో తన క్లౌడ్ రీజియన్ ప్రారంభించింది.

ఆ విద్యార్థిని ప్రశ్న ప్యాకెట్‌గా కంప్యూటర్‌కు రాగానే నెట్‌వర్క్ కార్డు ప్రాసెసర్‌ను పిలుస్తుంది. ఆ పిలుపే ఇంటరప్ట్. తెలుగులో దీన్ని అంతరాయం అంటుంటారు గానీ, పని చెడగొట్టేదనే అర్థం స్ఫురించే ఆ మాట నాకు నచ్చదు. ఈ పిలుపు లేకపోతే కార్డులో ఏమైనా వచ్చిందా అని ప్రాసెసర్ మాటిమాటికీ వెళ్లి చూసుకోవాల్సిందే.

అసలు చిక్కు వర్చువల్ మెషీన్ దగ్గర మొదలవుతుంది. కిరాయిదారులందరి ఉత్తరాలూ ఇంటి యజమాని చేతికే వచ్చే ఇంటిని ఊహించండి. వర్చువల్ మెషీన్లను నడిపే హైపర్‌వైజర్ అలాంటి యజమాని. పిలుపు రాగానే ప్రాసెసర్ గెస్ట్‌ను, అంటే నడుస్తున్న వర్చువల్ మెషీన్‌ను, ఆపి, హైపర్‌వైజర్‌లోకి మారుతుంది. దీన్నే వీఎం ఎగ్జిట్ అంటారు. హైపర్‌వైజర్ ఆ పిలుపు ఎవరిదో చూసి, గెస్ట్‌కు అందించి, మళ్లీ నడిపిస్తుంది. పని అయిందని గెస్ట్ చెప్పేటప్పుడు ఇంకో ఎగ్జిట్. ఒక్కో ఎగ్జిట్‌కు 1,500 ప్రాసెసర్ సైకిళ్లు పడతాయనుకుందాం. సెకనుకు లక్ష ఇంటరప్టులు వస్తే 30 కోట్ల సైకిళ్లు పోతాయి. అంటే 3 గిగాహెర్ట్జ్ కోర్‌లో పదో వంతు, కేవలం రాకపోకలకే.

ఈ ఖర్చును తప్పించవచ్చని 2012లో ఐబీఎం హైఫా పరిశోధనశాల, టెక్నియాన్ పరిశోధకులు చేసి చూపారు. ఎలీ అనే ఆ పద్ధతిలో గెస్ట్‌కు చెందిన ఇంటరప్టులు ఎగ్జిట్ లేకుండా నేరుగా దానికే చేరతాయి. మిగిలినవి మాత్రం హైపర్‌వైజర్‌కు వెళ్తాయి. పాత ప్రాసెసర్ల మీదే, గెస్ట్‌ను మార్చకుండానే, వర్చువల్ మెషీన్ లేని అసలు యంత్రపు వేగంలో 97 నుంచి 100 శాతం దాకా సాధించారు. హార్డ్‌వేర్ చేయాల్సిన పనిని సాఫ్ట్‌వేర్ యుక్తితో ముందే నిరూపించడం నాకు ఈ కథలో అన్నిటికన్నా గొప్పగా అనిపిస్తుంది.

తర్వాత ప్రాసెసర్లే ఆ పని నేర్చుకున్నాయి. ఇంటెల్ పోస్టెడ్ ఇంటరప్ట్ విధానంలో ప్రతి వర్చువల్ ప్రాసెసర్‌కూ మెమరీలో 64 బైట్ల పెట్టె ఒకటి ఉంటుంది. అందులో 256 బిట్లు, ఒక్కో ఇంటరప్ట్ నంబరుకు ఒకటి. కార్డు పంపిన పిలుపును, పరికరాల పిలుపులను మళ్లించే ఐఓఎంఎంయూ అనే హార్డ్‌వేర్ భాగం పట్టుకుని, సరైన బిట్‌ను వెలిగించి, ఆ గెస్ట్ నడుస్తున్న కోర్‌కు చిన్న సంకేతం పంపుతుంది. గెస్ట్‌ను ఆపకుండానే కోర్ ఆ పెట్టె చూసి, పిలుపును అందజేస్తుంది. పని అయిందన్న కబురుకూ చాలావరకు ఎగ్జిట్ అక్కర్లేదు. ఏఎండీ వారి ఏవిక్ విధానానిదీ ఇదే ఉద్దేశం.

గెస్ట్ ఆ సమయానికి నిద్రలో ఉంటే? అప్పుడు సంకేతం హైపర్‌వైజర్‌కే వెళ్లాలి, అదే దాన్ని లేపాలి. గెస్ట్ ఒక కోర్ నుంచి ఇంకో కోర్‌కు మారితే పెట్టె మీది చిరునామా కూడా మారాలి. ఈ రెండు సందర్భాల్లో ఏ చిన్న పొరపాటు జరిగినా పిలుపు దారి తప్పుతుంది. నా దృష్టిలో ఈ విధానంలో అత్యంత కష్టమైన భాగం ఇదే.

జనగామ, వరంగల్ కళాశాలల్లో కంప్యూటర్ సైన్స్ చదివే పిల్లలకు నా మనవి. ఈ విధానాన్ని నడిపే కోడ్ ఎవరి రహస్యమూ కాదు. లైనక్స్ కెర్నల్‌లో కేవీఎం అనే హైపర్‌వైజర్ విభాగంలో అందరికీ అందుబాటులోనే ఉంది, తెరిచి చదవండి. ల్యాబ్‌లో ఇంటెల్ సర్వర్ ఉంటే వర్చువల్ మెషీన్ నడుపుతూ, హోస్ట్‌లో, అంటే అసలు కంప్యూటర్‌లో, ప్రాక్ ఇంటరప్ట్స్ ఫైలు చూడండి. పీఐఎన్ అనే వరుసలో కొన్ని అంకెలు కనిపిస్తాయి. అవి హోస్ట్ చేతికి వచ్చిన సంకేతాల లెక్క. నడుస్తున్న గెస్ట్‌కు నేరుగా అందినవి ఆ లెక్కలోకే రావు.