కుండీ మొక్కలకు పిండినల్లి.. ఒక్కసారి మందు కొడితే ఎందుకు పోదు?

మందారం చిగుళ్ల మీద, సక్యులెంట్ ఆకుల సందుల్లో దూది ముక్కల్లాంటి తెల్లటి మచ్చలు కనిపిస్తే చాలామంది బూజు పట్టిందనుకుంటారు. పుల్లతో కదిపి చూడండి, కింద మెత్తటి పురుగు ఉంటుంది. అదే పిండినల్లి. మొక్క రసం పీల్చేస్తుంది. అది వదిలే తీపి జిగురు కోసం చీమలు చేరతాయి, దాన్ని తినడానికి వచ్చే పురుగులను తరిమేస్తాయి కూడా. కుండీ మీద చీమల బారు కనిపించిందంటే ఆకుల అడుగు భాగం చూడాల్సిందే.

దీని ఒంటి మీద మైనం పొర ఉంటుంది. మామూలు నీళ్లు జారిపోతాయి. పైగా చాలా రకాలు దూది సంచిలో వందల గుడ్లు పెడతాయి. మనం కొట్టిన మందుకు పెద్దవి చచ్చినా గుడ్లు మిగులుతాయి. వారం, పది రోజుల్లో పిల్లలు బయటికొస్తాయి. ఇంకా మైనం పట్టని ఆ పిల్లలను చంపడమే తేలిక. అందుకే వారానికోసారి, కనీసం నాలుగు వారాలు చేయాలి. నేనూ మొదట్లో ఇక్కడే మోసపోయాను. ఒక్కసారి కడిగి, శుభ్రంగా ఉంది కదా అని ఎచెవేరియాను మళ్లీ మిగతా కుండీల మధ్య పెట్టేశాను. నెల తిరిగేసరికి పక్కనున్న జేడ్ మొక్కకూ పాకింది.

ముందు ఆ కుండీని దూరంగా పెట్టండి. సక్యులెంట్లకైతే మెడికల్ షాపులో దొరికే 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను ఇయర్‌బడ్‌తో పురుగు మీద అద్దితే చాలు. ముందు ఒక ఆకు మీద అద్ది, ఒక రోజు ఆగి చూడండి. పొయ్యి దగ్గర మాత్రం ఈ పని పెట్టుకోవద్దు, త్వరగా అంటుకుంటుంది. మందారం, క్రోటన్ లాంటి వాటికి లీటరు నీళ్లలో 5 మి.లీ. వేపనూనె, కొన్ని చుక్కల లిక్విడ్ సబ్బు కలిపి సాయంత్రం పూట ఆకుల కింద తడిసేలా కొట్టాలి. ఎండలో కొడితే ఆకులు మాడతాయి. ఎచెవేరియా ఆకుల మీది బూడిద పూతను వేపనూనె చెరిపేస్తుంది, దానికి వాడకపోవడమే మంచిది.

పైన ఏమీ లేకపోయినా సక్యులెంట్ వాడిపోతుంటే కుండీలోంచి తీసి వేర్లు చూడండి. అక్కడ తెల్లటి పొడి కనిపిస్తే వేళ్లకు పట్టే పిండినల్లి అయ్యుండొచ్చు. మట్టంతా పారేసి, వేర్లు కడిగి, పాడైనవి కత్తిరించి, నీడలో రెండు మూడు రోజులు ఆరబెట్టి కొత్త మట్టిలో నాటాలి. పాత కుండీని వేడి సబ్బు నీళ్లతో కడగకుండా మళ్లీ వాడొద్దు.

ఇంకో మాట. పిండినల్లిని తినే ఒక రకం అక్షింతల పురుగు ఉంది. దాని పిల్ల కూడా తెల్లటి దూదిలాగే ఉంటుంది, కాకపోతే పెద్దది, చకచకా నడుస్తుంది. తోటలోనో డాబా మీదో అలాంటిది కనిపిస్తే చంపకండి. ఆ మొక్క మీద మందు కొట్టడం కూడా కొన్నాళ్లు ఆపండి.