బరువు బండ్లు – వేగమునకు హద్దులు

ఇంగ్లండు దేశమున 1865వ సంవత్సరమున ఒక చట్టము వెలువడినది. ఆవిరియంత్రముతో రోడ్డుపై నడచు బండి ఊరి వెలుపల గంటకు 4 మైళ్లను, ఊరిలో 2 మైళ్లను మించి పోరాదు. అంతియేకాదు, దానికి 60 గజముల ముందు ఒక మనిషి ఎర్రజెండా పట్టుకొని నడువవలెను. మనిషి నడకను మించని యంత్రమెందులకని నేడు మనకు నవ్వు వచ్చును. 1896లో ఆ చట్టమును సడలించిరి. కాని దానిని చేసినవారి భయము అకారణమైనది కాదు. బరువైన వస్తువు ఒకసారి పరుగందుకొనిన పిమ్మట దానిని నిలుపుట సులభము కాదు.

పరుగెత్తు బండియందు శక్తి యుండును. బరువు రెట్టింపైనచో ఆ శక్తియు రెట్టింపగును. వేగము రెట్టింపైనచో నాలుగు రెట్లగును. బ్రేకు వేయుటయనగా ఈ శక్తిని వేడిగా మార్చి పోగొట్టుటయే. 40 టన్నుల లారీయు, ఒకటిన్నర టన్నుల కారును ఒకే వేగమున పోవుచున్నను, లారీలోని శక్తి కారులోని శక్తికి 26 రెట్లు పైబడి యుండును. పొడవైన పల్లము దిగునప్పుడు బ్రేకులు కాగి పట్టు సడలుటయు కలదు. ఈ కారణముచేతనే పెక్కు దేశములలో ఒకే రోడ్డుపై కారుకొక హద్దును, లారీకొక హద్దును ఏర్పరచిరి.

జర్మనీ దేశపు ఆటోబాన్ రోడ్లపై అనేక చోట్ల కార్లకు వేగపరిమితియే లేదు. అట్టి రోడ్డుపైన సైతము మూడున్నర టన్నులు మించిన లారీ గంటకు 80 కిలోమీటర్లు దాటరాదు. బస్సుకును 80యే హద్దు. నిర్ణయించిన సాధనములు అమర్చి అనుమతి పొందినచో 100 వరకు పోవచ్చును. ఫ్రాన్సులోని పెద్ద రహదారులపై భారీ లారీకి 90, దూరప్రయాణపు బస్సుకు 100. మనుషులతో నిండిన బస్సుకు ఎక్కువ వేగమెట్లు ఇచ్చిరని విద్యార్థులు అడుగవచ్చును. నిండు బస్సు బరువు నిండిన పెద్ద లారీ బరువుకంటె చాల తక్కువ గదా!

బోర్డుపై అంకె వ్రాసినంత మాత్రమున డ్రైవరు దానిని పాటించునను నమ్మకము లేదు. కావున ఐరోపా దేశములు 1992లో ఒక ఆదేశము చేసి, భారీ లారీలు 90, బస్సులు 100 మించకుండ ఇంజనుకే కళ్లెము వేయించినవి. మన దేశమునను 2015 నాటి నిబంధన ననుసరించి క్రొత్త లారీలకు, బస్సులకు 80కి మించనీయని స్పీడు గవర్నరు అమర్చవలసి వచ్చినది.

ఈ కళ్లెము వలన ఒక చిక్కు పుట్టినది. గంటకు 88 కిలోమీటర్ల వేగమున పోవు లారీని 90 కిలోమీటర్ల లారీ దాటబోవుననుకొందము. రెండింటి పొడవులు కలిసి సుమారు 33 మీటర్లు. ఆ పొడవును దాటుటకే ఒక నిమిషము పట్టును. ఆలోపల ఒకటిన్నర కిలోమీటరు గడచిపోవును. వెనుకనున్న కార్లన్నియు ఓపికతో వేచియుండవలసినదే. దీనికి జర్మనులు ‘ఏనుగుల పందెము’ అని పేరు పెట్టిరి. ఇంతకంటె తగిన పేరు దొరకదు.

జపాను దేశమున బహుకాలముగా ఎక్స్‌ప్రెస్ రోడ్లపై పెద్ద లారీలకు 80 కిలోమీటర్లే హద్దుగా నుండెను. 2024 ఏప్రిల్ 1వ తేదీన దానిని 90కి పెంచిరి. ఆ దినముననే లారీ డ్రైవర్ల అదనపు పని సంవత్సరమునకు 960 గంటలు మించరాదను నియమము అమలులోనికి వచ్చినది. అలసిన డ్రైవరునకు విశ్రాంతి దొరకవలెను. సరకులును వేళకు చేరవలెను. డ్రైవర్లు చాలినంతమంది లేరు. టోక్యోనుండి ఒసాకాకు దూరము సుమారు 500 కిలోమీటర్లు. దారి పొడవునను హద్దు వేగముననే పోగలిగినచో సుమారు 42 నిమిషములు మిగులును. అయితే 80నుండి 90కి పెరిగిన లారీలో ఆపవలసిన శక్తి పావువంతుకు పైగా పెరుగును. లెక్క కట్టి చూచుకొనవచ్చును. ట్రెయిలరును లాగుకొనిపోవు లారీలకు మాత్రము ఈ సడలింపు నీయలేదు. వాటికి హద్దు 80గానే నిలిచినది.