ముందు ప్రాణం, తర్వాత కాగితం

పోయిన నెల రాత్రిపూట, సోలాపూర్‌ల నాతోటి సాంచలు నడిపిన దోస్తును బండి గుద్దింది. తల పగిలింది. ఆటోలో వేసుకొని దగ్గరున్న ప్రైవేటు దవాఖానకు పోయినం. డాక్టరు తలుపు కాడనే, "ఇది పోలీసు కేసు, పెద్ద దవాఖానకు తీస్కపోండి" అన్నడు. అరగంట పోయింది. దోస్తు బతికిండు, కాని నాకు కోపం పోలేదు.

తర్వాత నిదానంగ ఆలోచించిన. డాక్టరుకు కేసుల భయం ఉన్నది. పైసలు తీసుకొని చేసే వైద్యంల తప్పు జరిగితే వినియోగదారుల కోర్టుకు పోవచ్చని 1995లో సుప్రీం కోర్టు చెప్పింది. అది మనలాంటి వాళ్లకు అవసరమే. కాని ఆ భయంతోనే కొందరు కష్టమైన రోగిని ముట్టుకోకుండ పంపిస్తున్నరు.

చట్టం డాక్టరును కూడా కాపాడుతది. ఇంకో డాక్టరు అభిప్రాయం లేకుండ క్రిమినల్ కేసు నడపొద్దని, ఊరికే అరెస్టు చెయ్యొద్దని 2005లో అదే కోర్టు చెప్పింది. ప్రమాదంల దెబ్బ తగిలిన మనిషికి సర్కారు డాక్టరైనా, ప్రైవేటు డాక్టరైనా ముందు వైద్యం చెయ్యాలె, పోలీసు కాగితాలు తర్వాతనే అని 1989లోనే తీర్పు ఉన్నది.

కాబట్టి దవాఖానల లొల్లి పెట్టొద్దు. "సారూ, ముందు రక్తం ఆపండి, పోలీసులకు మేము చెప్తం" అని గట్టిగ, మర్యాదగ అడగండి. ఇంట్ల పిల్లలకు కూడా ఈ మాట నేర్పండి.